తాగేది తిండి కాదా?

తొలకరి మొదలైన నెలలో నన్ను బాగేపల్లి నుంచి చింతామణి తాలూకా ఆసుపత్రికి ఫార్మసిస్టుగా బదిలీ చేశారు. యాభై దాటగానే స్వచ్ఛందంగా విరమించుకున్న నా సర్వీసులో నాకు ఎక్కువ ఉత్సాహం కలిగించినవి కడుపుమంట మాత్రలు. అవి లోపల చేసే పనిని పాత పుస్తకాలు కొని సొంతంగా చదువుకున్నాను.

కడుపు గోడలో ఆమ్లం తయారుచేసే కణాలకు కబురు అందుకునే గ్రాహకాలు ముఖ్యంగా మూడు రకాలు: హిస్టమిన్‌కు ఒకటి, నరం పంపే ఎసిటైల్‌కోలిన్‌కు ఒకటి, తిన్నప్పుడు ఊరే గ్యాస్ట్రిన్‌కు ఒకటి. కబురు ఏదైనా చివరికి నడిచేది ఆమ్లాన్ని బయటికి తోసే పంపు ఒక్కటే. పాత మాత్ర హిస్టమిన్ గ్రాహకాన్ని మాత్రమే మూస్తుంది. కొత్తది ఏకంగా పంపునే పట్టేస్తుంది. ఎంత అందమైన లెక్క!

మురుగమల్ల వైపు నుంచి వచ్చే రెడ్డెమ్మ దగ్గర ఆ లెక్క తప్పింది. పట్టుపురుగులు పెంచే మనిషి. కడుపుమంట పాత మాత్రకు తగ్గలేదు, పంపు మాత్రకూ తగ్గలేదు. డాక్టరమ్మ కెమెరా పరీక్షకు బెంగళూరు పంపుతానన్నారు. రెడ్డెమ్మ నా మందుల కిటికీ దగ్గర గోల పెట్టింది.

"పురుగులు గూడు కట్టే టయానికి నేను పోతే ఆకెవరేస్తారప్పా? పంటంతా పోతాది!"

"మాత్ర తిండికి ముందే ఏసుకుంటాండారా అమ్మా?"

"ముందే. పది గంటలకు సంగటి, దానికి అరగంట ముందు మాత్ర."

"అందాకా ఖాళీ కడుపేనా?"

"ఖాళీ కడుపుతో ఆకు కొయ్యగలనా? తెల్లారతానే చెంబుడు అంబలి తాగుతా."

"అది తిండి కాదా?"

"తాగేది తిండి యాడవుతాదప్పా? నీళ్లు తాగినా నీకు చెప్పల్నా?"

వరుసంతా నవ్వింది. నేను మాత్రం కుర్చీలోంచి లేచాను. ఆ మాత్ర నడుస్తున్న పంపులకే అతుక్కుంటుంది, రక్తంలో ఎక్కువసేపు నిలవదు. రాత్రంతా సద్దుమణిగిన పంపులను గుంపుగా లేపేది తొలి ఆహారం. రాగిపిండి అంబలిగా వచ్చిందా సంగటిగా వచ్చిందా అని కడుపు చూడదు. మాత్ర చేరేసరికి తొలి గుంపు పని కానిచ్చేస్తోంది.

డాక్టరమ్మకు చెబితే ఆవిడ కళ్లూ మెరిశాయి. అయినా రెడ్డెమ్మను మళ్లీ పరీక్షించారు. రక్తం పడటం, బరువు తగ్గడం లేవని నిర్ధారించుకున్నాకే, మాత్ర అంబలికి అరగంట ముందుకు మార్చి రెండు వారాల గడువిచ్చారు. అప్పటికీ తగ్గకపోతే పురుగులున్నా పోవాల్సిందేనన్నారు.

గడువు తీరకముందే రెడ్డెమ్మ వచ్చింది. "మంట పోయిందప్పా. గూళ్లు మార్కెట్టుకు ఏసొస్తాండా," అంది.

అప్పటినుంచి ఆ మాత్ర ఇచ్చేటప్పుడు "తిండికి ముందు" అనడం మానేశాను. పొద్దున లేచాక నీళ్లు కాకుండా నోట్లో మొదట పడేదేమిటని అడిగి, దానికి ముందు వేసుకోమనేవాణ్ణి.