ఒకే తలుపు, రెండు రెక్కలు

రంగులత్తకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా తలుపులకు రంగులు వేస్తోంది. ఆమె పట్టుదలంతా ఒక్కటే, రంగు కింద ప్రైమర్ పూత పూశాక రెండు రోజులు ఆరనివ్వాలి. "పూటలో ఆరిపోయేదానికి రెండ్రోజులా? నీ చాదస్తంతో నా కొంప ముంచుతున్నావత్తా!" అని ఆమెకు పని ఇచ్చే కాంట్రాక్టరు సణగని రోజు లేదు.

ఇంతలో కొత్త బడి గోడలు లేచాయి. తలుపుల వంతు రావడానికి ఇంకో ఏడాది పడుతుంది. నూట ఇరవై తలుపులు! అక్కడా పూటలో కానిచ్చేయమంటే బ్రష్షు పారేసి ఇంటికి పోతానంది అత్త. ఈ తగువు బడి కట్టిస్తున్న ఇంజనీరు దగ్గరికి చేరింది.

"సరే, తేల్చేద్దాం" అని ఆయన సిబ్బంది ఇళ్ల తలుపులు పన్నెండు అప్పగించాడు. అన్నీ రెండు రెక్కలవే. ప్రతి తలుపుకీ ఒక రెక్క తన పద్ధతిలో, రెండోది కాంట్రాక్టరు పద్ధతిలో వేసింది అత్త. ఏ రెక్క ఎవరిదో బొమ్మా బొరుసూ వేసి తేల్చింది. "నీడ పక్క రెక్క నేనే కొట్టేశానని రేపెవరూ అనకూడదు" అంది.

ఏడాది తిరిగింది. ఇంజనీరు గుమాస్తా రంగు పెచ్చులూడిన మేర కొలిచి, అత్త రెక్కలవి ఒక కాగితం మీద, కాంట్రాక్టరువి ఇంకో కాగితం మీద రాశాడు.

ఇంజనీరు పెదవి విరిచాడు. "అత్తా, మీ రెక్కల్లో పదిహేడు అంగుళాలు ఊడిందీ ఉంది, మూడే ఊడిందీ ఉంది. ఆయనవీ అలాగే ఉన్నాయి. సగటున మీది కాస్త తక్కువే. కానీ ఇంత ఎగుడుదిగుడులో ఆ కాస్త ఏ మూలకి?"

కాంట్రాక్టరు మీసం దువ్వుకున్నాడు. అత్త ఊరుకుంటుందా!

"ఓరి నాయనో! కాపురం చేసుకుంటున్న జంటని విడదీసి చెరో కాగితంలో పడేశారేంటి బాబూ? పడమటి తలుపు రోజంతా ఎండలో మాడుతుంది. వరండాలోది నీడలో హాయిగా ఉంటుంది. ఆ రెంటికీ పోటీ ఏంటి? నా రెక్కని అదే తలుపుకున్న ఆయన రెక్క పక్కన పెట్టి చూడండి. కలిసే మాడాయి కదా!"

ఇంజనీరు పెన్ను తీశాడు. తలుపు వారీగా జంటలు కలిపి తీసివేతలు మొదలుపెట్టాడు. పడమటిది కాంట్రాక్టరుకు ఇరవై, అత్తకు పదిహేడు. వరండాది కాంట్రాక్టరుకు ఐదు, అత్తకు మూడు. అలా పదకొండు తలుపుల్లో అత్త రెక్కే తక్కువ ఊడింది. ఏడో తలుపు మాత్రం ఎదురు తిరిగింది.

"దీన్ని కొట్టేద్దామా? ఏదో పొరపాటు జరిగుంటుంది" అన్నాడు ఇంజనీరు అభిమానంగా.

ముప్ఫై ఏళ్ల మాట నిలిచేదీ పోయేదీ ఇక్కడే. అయినా అత్త తల అడ్డంగా ఊపింది. "అదీ నా పనే. ఆ రోజు నడుం పట్టేసి, పూత ముందు నా రెక్కని గరుకు కాగితంతో సరిగ్గా రుద్దలేదు. రాయండి. దాన్ని దాచేస్తే మిగతా పదకొండూ నేనే నమ్మను."

ఏడోదాన్ని కలుపుకునే లెక్క కట్టాడాయన. అయినా అత్తదే పైచేయి అయింది. బడి తలుపులకు రెండు రోజులు ఆరనివ్వాలని రాసి, సంతకం చేసి, కాగితాన్ని నేరుగా అత్త చేతిలో పెట్టాడు.

బడిలో మొదటి తలుపుకు ప్రైమర్ పూసి అత్త మెట్టు మీద దర్జాగా కూర్చుంది. కాంట్రాక్టరు వచ్చి, ఆరిందేమోనని వేలు చాచాడు.

"చెయ్యి తియ్యి నాయనా!" అంది అత్త.

తీశాడు.