కొండ దిగటం తెలియని సైకిళ్ళు

మా బావకి కొండల పిచ్చి పట్టించింది ఒక టైర్ల కొట్టు కేలండరు. తొంభైల నాటి మాట. ఆ కేలండరులో ఫ్రాన్సు దేశపు పల్లె దారి ఒకటుంది. రెండు పక్కలా దట్టమైన అడవి, మెలికలు తిరుగుతూ కొండెక్కే రోడ్డు, దాని మీద వెనక సంచులు కట్టుకున్న సైకిళ్ళు. మొగుడూ పెళ్ళాలు కాబోలు, ఇద్దరు నవ్వుకుంటూ తొక్కుతున్నారు. ఏడాది గడవకుండానే ఆ కొట్టువాడి ప్రాణం తోడేసి ఆ కాగితం తెచ్చుకుని గోడకి అంటించాడు బావ. సెలవులకి వాళ్ళు అలా ఊరూరా సైకిళ్ళ మీదే తిరుగుతారట, మనకి మాత్రం కొండల్లేవా, అడవుల్లేవా అని నా చెవి దగ్గర జోరీగలా రొద పెట్టాడు. చివరికి సరే అన్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ సరదాగానే ఉండింది.

బావ అంటే మా అక్క మొగుడు. పైగా మా మేనత్త కొడుకు. చిన్నప్పటినుంచీ కలిసి పెరిగాం, కొట్టుకుంటూ పెరిగాం. వాళ్ళది కూచిపూడి పక్కనే ఊరు. పెళ్ళయ్యాక బెజవాడ వచ్చి పటమటలో అద్దె ఇంటి డాబా మీద ఆడపిల్లలకి నాట్యం నేర్పేవాడు. అక్క తాళాలు పట్టుకుని జతులు చెప్పేది. ఆమె గొంతు లేస్తేనే అతని కాలు లేచేది. ఇత్తడి పళ్ళెం అంచుని కాలివేళ్ళతో కరిచిపట్టి, దాని మీద నిలబడి సభంతా చుట్టి వచ్చేవాడు. చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచేది. ఆ పాదం ఆడితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇంకో సంపాదన లేదు, ఇంకో పని రాదు.

నేనేమో కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదుంటుంది. బావకి నాకంటే ఒకాకు ఎక్కువే. ఇలాంటి ఇద్దరూ ఆదివారం ఆదివారం సైకిళ్ళేసుకుని బయల్దేరేవాళ్ళం. గొల్లపూడి దాటి ఇబ్రహీంపట్నం, అక్కణ్ణించి మైలవరం రోడ్డు. దారిలో అరటిపళ్ళ దగ్గర పోట్లాట, టీ కొట్టు దగ్గర పోట్లాట. లారీవాడు దుమ్ము కొడితే ఇద్దరం ఒకటై వాణ్ణి వెంటపడి తిట్టేవాళ్ళం. ఒకసారి బావ విసిరిన రాయి లారీ అద్దానికి తగిలి, క్లీనరు ఇనుప రాడ్డు పుచ్చుకుని దిగాడు. చెరుకు తోటలో పడి పరిగెత్తాం. సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతే పడీ పడీ నవ్వుకుంటూ అక్కకి చెప్పాం. అక్క నవ్వలేదు. ఆ రాడ్డు కాలి మీద పడుంటే ఏమయ్యేదండీ అని మాత్రం అడిగింది.

ఇక్కడ మా డెల్టావాళ్ళ సంగతొకటి చెప్పాలి. మాది కాలవగట్ల దేశం. మాకు ఎత్తంటే వంతెన ఎక్కటం, పల్లమంటే వంతెన దిగటం. అంతకు మించి ఎరగం. అందుకని సైకిలు కొన్న మర్నాడే ముందు మడ్‌గార్డు పీకించేసేవాళ్ళం, ముందు బ్రేకు కడ్డీ కూడా ఊడదీయించేసేవాళ్ళం, టకటకలాడుతుందని. ఆపాలంటే కాలు ఎత్తి ముందు చక్రం మీద అరికాలు అదిమిపట్టటమే. బుర్రున చప్పుడు చేసుకుంటూ బండి ఆగేది. చేత్తో బ్రేకు నొక్కేవాణ్ణి చూసి ఆడంగిలాగా అని వెక్కిరించేవాళ్ళం. నాట్యగాడు కదా, బావ అరికాలు చెక్కలా బండబారి ఉండేది. అతను ఆ కాలితో చక్రాన్ని ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా ఆపేవాడు. నా కాలు నా మాట వింటుందిరా అనేవాడు.

ఒక ఎండాకాలం కొండపల్లి ఖిల్లా ఘాట్ ఎక్కాం. అడవి ఆకు రాల్చి మోడుగా ఉంది. బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్లు ఎముకల్లా నిలబడి ఉన్నాయి. కంకర లేచిన రోడ్డు మీద నెత్తిన నిప్పులు పోస్తున్న ఎండ. సగం దూరం తొక్కాం, సగం దూరం నెట్టాం. పైకి చేరేసరికి ఇద్దరికీ నోట తడి లేదు. అటు చూస్తే కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు, ఇటు చూస్తే గట్ల మీద గట్లుగా అడవి. బావ మొహం వెలిగిపోయింది. ఫ్రాన్సు ఎందుకూ పనికిరాదు పొమ్మన్నాడు.

దిగబోయే ముందు అతని వెనక బ్రేకు చూశాను. రబ్బరు అరిగి ఇనుము తేలింది. నొక్కితే కీచుమనటం తప్ప పట్టటం లేదు. ఈ వాలులో కాలు పెట్టి ఆపటం ఎవడి తరం? పోయిన వారమే సభవాళ్ళు వచ్చి, వచ్చే నెలలో పళ్ళెం నాట్యం ఖాయం చేసుకుని వెళ్ళారు. దిగి నడిపించుకుంటూ పోదాం బావా అన్నాను.

"కొండెక్కి నడుచుకుంటూ దిగటానికి నేనేమన్నా కొబ్బరికాయ కొట్టటానికి వచ్చానంట్రా?" అన్నాడు.

నేను హ్యాండిలు పట్టుకున్నాను. వదలమన్నాడు. వదలనన్నాను. కావాలంటే నన్ను తొక్కుకుంటూ పో అన్నాను. చెంప ఛెళ్ళుమంది. నాకు కోపం నసాళానికంటింది. తల వంచి అతని డొక్కలో కుమ్మాను. ఇద్దరం కంకరలో పడి దొర్లాం. మేనత్త కొడుకూ లేడు, అక్క మొగుడూ లేడు, పీక దొరికితే పిసికేద్దామన్నంత కసి. నా పెదవి చిట్లింది, అతని చొక్కా నిలువునా చిరిగింది. చివరికి నన్ను ఎత్తి ముళ్ళపొదలోకి తోసి, నేను లేచేలోపల సైకిలెక్కేశాడు. వీపంతా ముళ్ళతో నేను బూతులు తిడుతూనే ఉన్నాను. అతను నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ముందు ఆ బుర్రుమనే చప్పుడు వినపడింది, చాలాసేపు. తర్వాత ఆగిపోయింది. ఆ వెంటనే ఇనుము బండకి కొట్టుకున్న మోత, దాని మీద ఒక కేక. అది మనిషి గొంతులా లేదు.

మలుపు దగ్గర సైకిలు తలకిందులై ఉంది. దాని కింద బావ. కుడి పాదం జారి ముందు చక్రం స్పోకులకీ ఫోర్కుకీ మధ్య దూరిపోయింది. ఎముకా ఇనుమూ ఏది ఏదో తెలియటం లేదు. లాగితే కేక, కదిపితే కేక. నేను రాయి తీసుకుని స్పోకులు విరగ్గొట్టటం మొదలుపెట్టాను. ఒక్కొక్క దెబ్బకీ చక్రం అదిరి ఆ పాదం అదిరేది. బావ నా ముంజేయి నోట్లోకి లాక్కుని కొరికాడు. రక్తం వచ్చేదాకా కొరికాడు. నేను ఏడుస్తూ కొట్టాను, తిడుతూ కొట్టాను. చచ్చిపో వెధవా, చచ్చిపో అని నేను అరుస్తున్నది సైకిల్నో బావనో నాకే తెలియదు. కాలు బయటికొచ్చాక వీపు మీద వేసుకుని కిందికి పరిగెత్తాను. ఊరి మొదట్లో ఒక కంకర ట్రాక్టరు ఎదురైంది. దాని మీద పడేసుకుని బెజవాడ తెచ్చాను.

ఆసుపత్రిలో డాక్టరుగారు నేను చుట్టిన గుడ్డ విప్పి చూసి మొహం తిప్పుకున్నారు. బొటనవేలూ దాని పక్క వేలూ నుజ్జయిపోయాయి, తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే విషం పైకెక్కి పాదమే పోతుంది అన్నారు. ఆ మాట చెవిన పడగానే బావ సెలైను స్టాండు పీకి విసిరేశాడు. అది వెళ్ళి కిటికీకి తగిలి అద్దం భళ్ళున పగిలింది. నా వేళ్ళ మీద చెయ్యేస్తే చంపేస్తానన్నాడు. ఇద్దరు వార్డుబాయిలూ నేనూ కలిసి కూడా పట్టుకోలేకపోయాం.

అంతలో అక్క వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. ఆ కాలి వైపు ఒక్కసారి చూసి, డాక్టరుగారితో ఒకటే మాట అడిగింది, నిలబడగలరా అని. నిలబడతారు, నడుస్తారు, నాట్యం సంగతి మాత్రం నేను చెప్పలేనమ్మా అన్నారాయన. బావ ఒక్కసారిగా మెత్తబడిపోయి, వద్దని చెప్పవే, నీకు దణ్ణం పెడతానే అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తీసేయండి" అంది అక్క.

బావ మంచి కాలు ఎత్తి ఆమె రొమ్ము మీద తన్నాడు. ఆమె గోడకి కొట్టుకుంది. నాకింక ఒళ్ళు తెలియలేదు, పడుకున్న మనిషని కూడా చూడకుండా చెయ్యెత్తాను. ఆ చెయ్యి దిగేలోపల అక్క నా చెంప పగలగొట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నన్ను కొట్టింది అదొక్కసారే.

"పట్టుకోరా. నిన్ను కొట్టమనలేదు" అంది.

పట్టుకున్నాను. తీసేశారు.

తర్వాత బావ ఆమెతో మాట్లాడలేదు. ఆసుపత్రి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం కలిపి పెడితే కంచం ఎగరగొట్టేవాడు. అక్క మెతుకులన్నీ ఏరి మళ్ళీ కలిపి తెచ్చేది. మళ్ళీ ఎగరగొట్టేవాడు. ఏం మనిషివి బావా నువ్వు అని నేను పళ్ళు నూరేవాణ్ణి. డాబా మీద క్లాసులు లేవు, సభవాళ్ళు వేరెవరినో చూసుకున్నారు. నాట్యం పోతే ఈ మనిషి బతకడని మా ఇద్దరికీ తెలుసు.

ఒక సాయంత్రం నర్సమ్మ కట్టు మారుస్తుంటే బావ మొదటిసారి ఆ పాదం చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. కొత్త కట్టు కట్టి ఆమె పక్క మంచం దగ్గరికి వెళ్ళగానే లేచి కూర్చుని, కాళ్ళు రెండూ కిందికి దించి గచ్చు మీద పెట్టాడు. మంచం కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అక్క వైపు చూడలేదు. "చెప్పు" అన్నాడు.

అక్కకి వెంటనే అర్థమైంది. నాకు అర్థమయ్యేలోపల ఆమె గొంతు లేచింది, తయ్యుం తత్త, తయ్యుం తా. తాళాలు లేవు, తొడ మీద చేత్తో కొట్టుకుంటూ చెబుతోంది. బావ కుడి పాదం ఎత్తి గచ్చు మీద వేశాడు. కుట్ల మీద పడ్డ ఆ దెబ్బ నా పళ్ళలో తెలిసింది. మళ్ళీ వేశాడు. తెల్లకట్టు ఎర్రబడింది. మూడోసారికి గచ్చు మీద మరక పడింది. నర్సమ్మ మీకేమన్నా పిచ్చా అని అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. ఆపు అక్కా, చచ్చిపోతాడే అని నేను అక్క భుజం పట్టుకున్నాను. మోచేత్తో నా డొక్కలో పొడిచి నన్ను పక్కకి నెట్టేసింది గానీ జతి తప్పనివ్వలేదు. ఆమె కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. బావ దవడలు బిగించి, గొంతులోంచి ఏదో గుర్రుమంటుండగా వేస్తూనే ఉన్నాడు. ముందు రెండు వరసలు ఎక్కడో పడ్డాయి. తర్వాతి వరస తాళంలో పడింది.

అప్పుడు తల ఎత్తి అక్క మొహంలోకి చూశాడు.

"రెండో కాలం చెప్పవే" అన్నాడు.

అక్క కళ్ళు తుడుచుకోకుండానే వేగం రెట్టింపు చేసింది.