రెండు వేళ్ల వదులు

మా కృత్రిమ కాళ్ల వర్క్‌షాపులో కొలతలు తీసే ఆయన్ని అందరం సుద్ద బాబాయ్ అంటాం. ముప్పై ఏళ్లుగా ప్లాస్టర్ పొడిలో మునిగి తేలుతూ ఉండడంతో ఆయన కనుబొమలు కూడా తెల్లబడిపోయాయి. అది వయసు కాదని ఆయన వాదన. నేను పక్క బల్ల మీద తోలు పట్టీలు కుడతాను. కాబట్టి నేను చెప్పేది ఎవరో చెప్పగా విన్నది కాదు, కళ్లారా చూసింది.

మా పద్ధతి ఇది. మనిషి వస్తాడు. తెగిన కాలికి తడి ప్లాస్టర్ చుట్టి అచ్చు తీస్తారు, కొలతలు ఫారం మీద రాస్తారు. ఫైలు పెద్దాఫీసుకు వెళ్తుంది. మంజూరయ్యాక ఆ అచ్చు ప్రకారం, ఆ అంకెల ప్రకారం ఎక్కడో దూరాన ఉన్న ఫ్యాక్టరీలో కాలు తయారవుతుంది. కొలత ఒక్కసారే. మధ్యలో అంకె మారిందంటే ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. దీనికంతటికీ రెండేళ్లు పట్టేది. ఉన్న ఒక్క కాలూ అరిగేలా తిప్పేవాళ్లు జనాన్ని. పెద్దవాళ్లకైతే సరే, ఎముక పెరగదు. ఆరేళ్లప్పుడు కొలిచి చేసిన కాలు ఎనిమిదేళ్ల పిల్లకి పడుతుందా? ఈ మాట అడిగితే పెద్దాఫీసువాళ్లు మనల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూస్తారు.

బాబాయ్ అడగడం మానేశారు. ఆయన తండ్రి దర్జీ. బడి గౌన్లు కుట్టేటప్పుడు పిల్ల ఎదుగుదలకి సరిపడా మడత లోపలికి వదిలేవాడట. కొడుకు ఆ విద్యే ఇక్కడ వాడారు. తల్లి ఎత్తూ తండ్రి ఎత్తూ చూసి, పిల్ల మణికట్టు పట్టుకుని కాసేపు ఆలోచించి, అచ్చు మీద మరో పొర ప్లాస్టర్ పూసి, ఫారం మీద రెండు వేళ్లు ఎక్కువ రాసేవారు. రెండేళ్లకు కాలొచ్చేసరికి కొలిచి చేయించినట్టు సరిపోయేది. దొంగ లెక్కే, కాదనను. ఆ దొంగ లెక్క పుణ్యాన ఎంతమంది పిల్లలు బడికి నడిచి వెళ్లారో నాకు తెలుసు.

పోయిన ఏడాది కుందేలు వచ్చింది. బట్టలు ఇస్త్రీ చేసే ఆమె కూతురు, ఎనిమిదేళ్లు. లారీ గుద్ది మోకాలి కింద కాలు పోయింది. ఒంటికాలి మీద గెంతుకుంటూ మా గడప దాటింది గనక ఆ పేరు పెట్టాం. తనకీ నచ్చింది. బాబాయ్ ఆ మోకాలు నిమిరి తల్లితో అన్నారు, “మోకాలు మిగిలింది, అదృష్టమమ్మా. మోకాలుంటే పిల్ల పరిగెత్తగలదు కూడా.”

“పరుగులొద్దు లెండి, నడిస్తే చాలు,” అందామె.

“నేను పరిగెడతా,” అంది కుందేలు.

ఆయన ఎప్పటిలాగే రెండు వేళ్లు కలిపి రాశారు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం నిద్ర లేచింది. ప్రగతి నివేదిక ఇవ్వాలట, కొలతకీ కాలికీ మధ్య తొంభై రోజులు దాటకూడదట. ముప్పై ఏళ్లుగా మేం ఏ తొందర కోసం మొత్తుకున్నామో అది ఆగమేఘాల మీద వచ్చిపడింది. మూడు నెలలు తిరక్కుండానే కుందేలు కాలు పెట్టెలో దిగింది. బాబాయ్ పెట్టె విప్పి టేపు పెట్టి చూశారు. అది రెండేళ్ల తరవాతి పిల్లకి పట్టే కాలు.

“నిజం చెప్పేయండి బాబాయ్. మళ్లీ చేయించమనండి,” అన్నాను.

“చెప్తే నా ఉద్యోగం పోతుంది, పోనీ. పిల్ల ఫైలు కూడా పోతుందమ్మాయ్. తప్పుడు కొలత అని కొట్టేస్తారు. మళ్లీ వరస చివర నిలబడాలి. ఈ తొందర ఎన్నాళ్లుంటుందో ఎవడికి తెలుసు?”

ఆ రోజు నోరు మూసుకున్నందుకు ఇవాళ్టికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

పొడవు కోసి సరిచేశారు. అది తేలిక. తెగిన కాలు దూరే గిన్నె మాత్రం వదులు. నేను పట్టీకి ఇంకో రంధ్రం పొడిచాను. ఆయన అరడజను నూలు మేజోళ్లిచ్చి, ఒకదాని మీద ఒకటి తొడుక్కోమని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని మరీ మరీ చెప్పారు. “ఎర్రబడినా, మండినా, కాలు విప్పేసి తెచ్చి నాకిచ్చెయ్. బాగుచేసి మళ్లీ ఇస్తా. సరేనా?”

“సరే తాతా,” అంది. అప్పటికే సగం గది నడిచేసింది.

ఇచ్చేస్తే కాలు ఇక తిరిగి రాదనుకుంది కుందేలు. వాళ్లింట్లో ఆఫీసుకిచ్చిన కాగితమేదీ తిరిగొచ్చిన దాఖలా లేదు మరి. ఒరుసుకుని పుండు పడితే దాచింది. మేజోళ్లు తనే ఉతుక్కుంటుంటే ఎంత బుద్ధిమంతురాలో అని తల్లి మురిసిపోయింది. బడి పరుగు పందెంలో చిట్టచివర వచ్చిందట. జ్వరంతో ఒళ్లు తెలియకుండా పడిపోయాక మేజోడు విప్పి చూశారు. ఆ వాసనకి తల్లి గోడ పట్టుకుంది. ఆసుపత్రివాళ్లు ప్రాణం నిలబెట్టారు. మోకాలు తీసేశారు.

మొన్న తల్లి వీపు మీద ఎక్కి మళ్లీ వచ్చింది. మా గుమ్మంలో కొత్త బోర్డు ఉంది: తొంభై రోజుల లక్ష్యం నూటికి నూరు శాతం పూర్తి. ఆ నూరులో కుందేలూ ఉంది. అందుకే కంప్యూటరు ఒప్పుకోలేదు. ఈమెకు కాలు అందింది, ఇంకోటి మూడేళ్ల తరవాతే అంది. కొలత మాత్రం ఇప్పుడే తీసి పంపాలట.

బాబాయ్ ఆ తల్లికి అన్నీ చెప్పేశారు, రెండు వేళ్ల సంగతితో సహా. ఆమె పిల్ల గౌను సర్ది బల్ల మీద కూర్చోబెట్టింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన కింద కూర్చుని పిల్ల తొడకి ప్లాస్టర్ చుడుతూ ఏడ్చారు.

“ఊరుకో తాతా,” అంది కుందేలు. “ఈసారి నొప్పెడితే చెప్తాలే.”

టేపు పెట్టి కొలిచారు. ఫారం నా వైపు తోశారు. పెన్ను తీసుకున్నాను. మూడేళ్లంటే పిల్లకి పన్నెండు. పెద్దాఫీసు మనసు మళ్లీ మారితే మూడు నెలలే కావచ్చు.

“ఎంత రాయను బాబాయ్?”

ఆయన పిల్ల మణికట్టు పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.