వంతు రాని ప్రశ్న

1968 వేసవిలో నేను శ్రీకాకుళం కలెక్టరాఫీసులో యూడీసీ గుమాస్తాగా, అసెంబ్లీ ప్రశ్నల సీటులో ఉన్నాను. హైదరాబాదులో మంత్రిగారు చదివే జవాబు చాలావరకు మావంటి గుమాస్తాల బల్లల మీదే పుట్టేది. నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి. దాని మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. అందుకని అసలు జవాబుతోపాటు, వాళ్లు ఇంకేమడుగుతారో ఊహించి ఒక నోటు కూడా పంపేవాళ్లం. ఆ ఊహించడంలో నాకు మంచి పేరుండేది. కాస్త గర్వం కూడా ఉండేది.

ఒకసారి కళింగపట్నం దగ్గరి ఒక జాలరిపేట గురించి ప్రశ్న వచ్చింది. (అ) ఆ పేటలో ప్రభుత్వం తవ్వించిన బావి ఉన్నదా? (ఆ) లేనిచో ఎప్పుడు తవ్విస్తారు? బావి ఉందని తాలూకా నుంచి నివేదిక అందింది. మా అత్తవారిది ఆ పక్క ఊరే కనుక ఆదివారం వెళ్లి చూశాను. సూరమ్మ అనే ముసలామె నీళ్లు తోడి చెంబు చేతికిచ్చింది.

"బావి నేదని ఎవులన్నారు బాబూ? ఉన్నాది. తాగి సూడు."

గుక్కెడు కూడా దిగలేదు. ఒట్టి ఉప్పు. పేట ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి కడవలతో నీళ్లు తెచ్చుకుంటున్నారు.

సోమవారం మా గుమాస్తాలందరికీ పెద్ద అయిన హుజూరు శిరస్తాదారుగారికి సంగతి చెప్పాను. ఆయన విజయనగరం మనిషి. ముక్కుపొడుం డబ్బీ, ఎర్రసిరా కలం ఎప్పుడూ చేతి దగ్గరే ఉండేవి. అడిగినదానికే జవాబు, అడగనిది నోటులో అన్నది ఆయన పద్ధతి. నాకూ అదే తెలివైన పని అనిపించింది. (అ)కు "ఉన్నది" అనీ, (ఆ)కు "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అనీ రాశాను. నీళ్లు ఉప్పనివనీ, ఎగువన కొత్త బావి తప్పనిసరి అనీ నోటులో మనసుపెట్టి రాశాను. ఆ నీళ్లు తాగేలా ఉన్నాయా అని సభ్యుడు అడక్కపోడు, మంత్రిగారు సభలో మాట ఇవ్వకపోరు అని నా ధీమా.

తీరా ఆ రోజు మా ప్రశ్న వంతు రాకముందే ప్రశ్నల సమయం అయిపోయింది. అలా మిగిలినవాటికి అసలు జవాబును మాత్రం సభాసమక్షంలో ఉంచుతారు. అనుబంధ ప్రశ్నలు ఉండవు, నోటు ఎవరూ విప్పరు. జవాబు ఇచ్చేసినట్టే కనుక మా దగ్గర ఫైలు కూడా మూసేశారు.

మళ్లీ అటు వెళ్లినప్పుడు సూరమ్మ కడవ దించి, మంత్రిగారు ఏమన్నారని అడిగింది. బావి ఉందన్నారని చెప్పాను.

"అది మాకు తెల్దేటి బాబూ," అని కడవ ఎత్తుకుంది.

ఆ సీటు, టైపుమిషన్ల చప్పుడు, శిరస్తాదారుగారి ఎర్రసిరా దిద్దుబాట్లు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. పని నేర్పింది ఆయనే. అందులో ఒక్కటి మాత్రం మార్చుకున్నాను. ఆ తర్వాత చెప్పవలసినదేదైనా (అ)కు జవాబులోనే రాశాను. ఆయన కొట్టేస్తే మళ్లీ రాశాను. నోటుకు వంతు వస్తుందన్న నమ్మకం లేదు.