చెవి అందని పిల్లలు

వంటింట్లో అలసందలు ఉడుకుతున్న వాసన వస్తే చాలు, నా ఎడమ నడుము దానంతటదే పక్కకు జరుగుతుంది. చేతిలో పని వదిలేసి, ఒక కాలి మీద బరువు వేసి, లేని పిల్లవాణ్ణి ఊపుతూ నిలబడిపోతాను. "ఎవర్నెత్తుకున్నావే?" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. మొన్న నంద్యాల బ్యాంకు వరుసలోనూ అలాగే ఊగుతుంటే వెనకావిడ "కడుపులో నొప్పా అక్కా?" అని అడిగింది. ఏం చెప్పను? నాకు ఒకచోట కుదురుగా నిలబడటం ఇప్పటికీ చేతకాదు. ఆ ఊపు మా తమ్ముడు యోహాను అంటించింది. అలసందల వాసన మాత్రం రత్నమ్మ టీచరుది.

డెబ్బైలలో, రుద్రవరం దగ్గర మా ఊళ్లో బడిలో చేరాలంటే ఒకటే పరీక్ష. కుడి చెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి అందుకోవాలి. అందితే బడి, అందకపోతే ఇల్లు. నాకు ఎప్పుడో అందింది, పేరూ రాసుకున్నారు. కానీ అమ్మా నాయనా కూలికి పోతే తమ్ముడు నా చంకలోనే ఉండేవాడు. వాడు ఏడిస్తే అయ్యవారు "బయట నిలబడు" అనేవారు. రెండో తరగతి పాఠాలు సగం నేను కిటికీ ఊచల ఇవతలి నుంచే విన్నాను, ఊగుతూ. వాడంటే నాకు ప్రాణమే. అయినా ఒక్కోసారి ఉక్రోషం పట్టలేక గట్టిగా గిల్లేదాన్ని. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

అప్పుడొచ్చింది రత్నమ్మ టీచరు. బడి వెనక ఖాళీగా పడి ఉన్న కొట్టంలో బడి ఈడు రాని పిల్లల కోసం బాలవాడి పెట్టింది. సన్నటి మనిషి, అర నిమిషం కూర్చునేది కాదు. ఇంటింటికీ తిరిగి పిల్లల చెయ్యి పట్టి తల మీదుగా వేసి చూసేది. చెవి అందినవాణ్ణి "పో, బడికి పో" అని తోసేసేది. మా తమ్ముడి వేళ్లు నడినెత్తి దగ్గరే ఆగిపోయాయి.

"అందలేదు గదా, ఈడు నావోడు. ఈడ దించి నువ్వు బడికి పో" అంది.

"ఏడుస్తాడు టీచర్."

"ఏడ్చనీ. నేనుండా గదా."

మూడు రోజులు ఏడ్చాడు. నాలుగో రోజు అలసంద గుగ్గిళ్ల గిన్నె చూసి నన్ను మరిచిపోయాడు, దొంగ సచ్చినోడు. ఆ రోజు బడి లోపల కూర్చున్నాను. చంక ఖాళీగా ఉంటే ఏదో పారేసుకున్నట్టు చుట్టూ వెతుక్కున్నాను.

ఏడాది తిరగకుండానే ఆ కొట్టం యజమాని, ఆళ్లగడ్డ శెట్టి, ఖాళీ చేయమని కబురు పంపాడు. శనక్కాయ మూటలు వేసుకోవాలట. కొట్టం పోతే తమ్ముడు మళ్లీ నా చంకెక్కుతాడు, నా చదువు అక్కడితో సరి. అమ్మ అప్పుడే "ఇంగ బడి మానుకో పాపా" అనేసింది. టీచరు ఆ మాట వినిపించుకోకుండా మా ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కింది.

శెట్టి చెడ్డవాడు కాడు, మంచినీళ్లు ఇప్పించాడు. "పిల్లోళ్లు ఆడుకునేదానికి కొట్టమెందుకు టీచరమ్మా? యాడైనా ఆడుకుంటారు. మూటలు తడిస్తే నాకు నష్టం గదా."

"అన్నా, మా ఊర్లో మీ చేన్లోకి దిగిన ఆడోళ్లు పొద్దుగూకేదాకా పని ఇడిసి గట్టెక్కుతాండారా? ముందట, బాలవాడి లేనప్పుడు, పిల్లోళ్ల ఏడుపుకు ఎన్నిసార్లు లేచేటోళ్లు?"

శెట్టి కూలీల లెక్క పుస్తకం తిరగేశాడు. ఈలోగా మా తమ్ముడు గింజల కుప్ప దగ్గర చతికిలబడి నిండు గింజలు ఒక పక్క, నొక్కు గింజలు ఒక పక్క ఏరుతున్నాడు. బాలవాడిలో అలసందలూ కందులూ విడదీయడం వాళ్లకు రోజూ ఆటే.

"భలే ఏరుతాండాడే. ఈన్ని నా కాడే పెట్టమ్మా" అని శెట్టి నవ్వాడు.

టీచరు నవ్వలేదు. "మీ గింజలు ఏరేదానికి నేర్పలేదన్నా. రేపు అక్షరాన్నీ ఇట్లే చూసి పట్టుకుంటాడు. చెవి అందేదాకా కాచుకుంటే ఈ నాలుగేండ్లు మళ్లా యాడ తెస్తారు? మొలకప్పుడు తడి తప్పితే, కడకు ఎన్ని నీళ్లు పెట్టినా కాయ నిండుతాదా?"

"సరే, వచ్చే పంటదాకా ఉంచుకో" అన్నాడాయన.

తిరుగు బస్సులో నాకు మనసు కుదురుగా లేదు. "పిల్లోళ్లు శనక్కాయల మాదిరా టీచర్?" అని అడిగాను.

"కాదు. ఆయనకు తెలిసే మాట చెప్పినా. నాకు తెలిసిన మాట చెప్తే కొట్టం ఇయ్యడు." ఒళ్లో నిద్రపోతున్న తమ్ముణ్ణి చూపించింది. "కడుపు నిండి నిద్రపోతాండాడు. నాకు తెలిసింది ఇదే."

ఆ తర్వాత ప్రతి పంటకూ ఆమె ఆళ్లగడ్డ పోయి అదే వాదన మళ్లీ మొదలుపెట్టేది. తమ్ముడి తర్వాత చెల్లెలు కూడా ఆ కొట్టంలోనే పెరిగింది. నేను చదువుకున్నదంతా ఆమె ఏడాదికేడాది తెచ్చిన ఆ గడువు మీదే.

ఎనభైలలో నంద్యాలలో బాలవాడుల లెక్కలు చూసే ఆఫీసులో గుమాస్తానయ్యాను. బాలవాడుల వల్ల ఏం లాభమో రాసి పంపమని పైనుంచి కాగితం వచ్చింది. లాభం తేలకపోతే కొన్ని మూసేస్తారు, ఆ జాబితాలో మా ఊరిదీ ఉంది. కూర్చుని రాయలేక, లేచి తిరుగుతూ మూడు పేజీలు రాశాను. తల్లుల పనిదినాలు, పిల్లల ఆరోగ్యం, బడిలో నిలిచినవాళ్లు, అన్నీ రాశాను. పంపేముందు టీచర్ని పిలిపించాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి, కాగితం కళ్లకు ఆనించి చదివింది.

"బాగా రాసినావ్ సుగుణా. ఇందులో నువ్వు యాడుండావ్?"

కాగితం తీసుకుని మళ్లీ వెతికాను.

"మీ తమ్ముని లాంటోళ్లుండారు. మీ అమ్మ లాంటోళ్లుండారు. పిల్లోన్ని ఎత్తుకోని కిటికీ కాడ నిలబడినదాన్ని రాయలేదే. నేను మీ ఊరికొచ్చిన మొదటి రోజు చూసింది దాన్నే."

ఇన్నేళ్లూ ఆమె తమ్ముడి కోసం వచ్చిందనుకున్నాను. చెప్పొద్దూ, ఆఫీసని కూడా చూడకుండా ఏడ్చేశాను. కళ్లు తుడుచుకుని చిన్నపిల్లల్ని ఎత్తుకుని బడి మానేసే అక్కల గురించి నాలుగు ముక్కలు చేర్చాను. మా ఊరి బాలవాడి మూతపడలేదు. నా రాత వల్లేనని చెప్పుకునే ధైర్యం నాకు లేదు.

టీచరు పోయి చాలా కాలమైంది. ఏ బడి పక్కగా పోయినా నా చూపు ముందు కిటికీ బయటికే పోతుంది. ఎవర్నెత్తుకున్నావని మా ఆయన అడిగినప్పుడల్లా తమ్ముణ్ణనే చెబుతూ వచ్చాను. అది అబద్ధం. తమ్ముణ్ణి ఆమె ఎప్పుడో దింపించింది. నేను ఎత్తుకుని ఊపుతున్నది ఆ కిటికీ బయటి పిల్లను.