వత్తు లేని అడ్రసు

దయ్యాల కబుర్లు మొదలుపెడితే మధ్యలో లేచి వెళ్ళిపోయే రకం నేను. వయసులో ఉండగా కాలవ పూడిక తీసే పనికి వెళ్ళి, శ్మశానం పక్క షెడ్డులో వండుకుని తిన్నాం, అక్కడే పడుకున్నాం. దోమలు తప్ప ఏమీ రాలేదు. నా భార్య నాంచారమ్మ దినం రోజున కాకి పిండం ముట్టలేదని మా బావమరిది గోలపెడితే, "ఈ ఎండకి కాకులు మాత్రం ఎక్కడుంటాయిరా, ఆవుకి పెట్టు" అన్నాను. ఆ మాట తప్పని ఇప్పటికీ అనుకోను.

అందుకే దీన్ని ఎవరికీ చెప్పకుండా ఇన్నాళ్ళు ఊరుకున్నాను. నమ్మమని రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఆరో ఏట. రాతలో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

అప్పట్లో మేం కంకిపాడు అవతల కొత్తపేటలో, కాలవ గట్టు మీద అద్దెకుండేవాళ్ళం. నాంచారమ్మ అయిదో తరగతి చదివింది. నేను బడి మొహం చూడలేదు. నేర్పుతానని ఎన్నోసార్లు వెంటపడింది. "కూలి నాలికి అక్షరాలెందుకే" అని కసిరేవాణ్ణి. చివరికి విసిగిపోయి, మా ఇంటి అడ్రసు మొత్తం పిన్ కోడ్‌తో సహా బొగ్గుతో గోడ మీద రాసిపెట్టింది. "ఎవరైనా అడిగితే ఇది చూపించు, నీ నోటితో చెప్పొద్దు, నువ్వు చెబితే ఎవరూ మనింటికి రారు" అని ఎగతాళి చేసింది.

ఒకరోజు పొద్దున పదింటప్పుడు ఆమెకి గుండెలో నొప్పి వచ్చింది. ఫోన్ చేయడం నాకొచ్చు. అంబులెన్సుకి చేశాను. అవతలివాళ్ళు అడ్రసు అడిగారు. కొత్తపేట, కాలవ గట్టు అన్నాను. ఏ కొత్తపేట, పిన్ ఎంత అన్నారు. నాకు తెలియదు. నాంచారమ్మకి మాట రావడం లేదు. చెయ్యెత్తి గోడ వైపు వేలు చూపించింది. అక్కడ మేకుకి తువ్వాలు వేలాడుతోంది. చెమట తుడుచుకోవడానికి అడుగుతోందనుకుని తువ్వాలు తీసి ఇచ్చాను.

బండి ఇంకో కొత్తపేటకి వెళ్ళింది. అది వేరే కాలవ మీద ఉంది. వాళ్ళ తప్పేం లేదు, నేను చెప్పిన చోటికే వెళ్ళారు. అక్కణ్ణుంచి మళ్ళీ అడిగి, తిరిగి వచ్చేసరికి అయిపోయింది. ఇంకాస్త ముందు తీసుకొస్తే బాగుండేదని డాక్టరు అన్నాడు.

తరవాత నేను విజయవాడ వచ్చేసి, గుణదలలో గది తీసుకుని, ఇళ్ళకి మందులు పంపే ఒక కొట్టులో పనికి కుదిరాను. మొదట్లో అట్టపెట్టెలు కట్టడం నా పని. కంప్యూటర్ దగ్గర షకీలా అనే అమ్మాయి ఉండేది, ఇప్పటికీ ఉంది. పాడైపోయిన లేబుళ్ళ వెనక నాచేత అక్షరాలు దిద్దించింది ఆ అమ్మాయే. నేను మొదట చదివిన మాటలు అమ్మా, ఆవూ కావు. వీధి, మండలం, పిన్. వత్తు మరిచిపోతే పెన్నుతో నా వేళ్ళ మీద కొట్టేది. "వత్తు లేకపోతే పుత్తూరు పుతూరైపోద్ది బాబాయ్, మందు ఎక్కడికి పోద్దో తెలుసా?" అనేది. ఆమెకి తెలియకుండానే నా గాయం మీద వేలు పెట్టింది.

ఏడాది తిరిగాక, సామాను తీసుకుపొమ్మని పాత ఇంటి ఓనరు కబురు పెడితే వెళ్ళాను. తలుపు తీయగానే మేకు పక్కన గోడ మీద బొగ్గు రాత కనపడింది. మొదటిసారి చదివాను. వంకర కొబరి చెట్టు ఇల్లు, కాలవ గట్టు, కొత్తపేట, కింద ఆరు అంకెలు. కొబ్బరికి వత్తు పెట్టలేదు. అయిదో తరగతి చదువు అంతే మరి. ఆమె వేలు చూపించింది తువ్వాలుని కాదని ఆరోజు తెలిసింది. ఈ సంగతి నేను ఎవరితోనూ అనలేదు. షకీలాతో కూడా అనలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

రెండేళ్ళ కిందట మా ఓనరు గారు కంప్యూటర్లో ఒక పద్ధతి పెట్టించారు. పిన్ కోడ్ ఆరు అంకెలూ కొడితే చాలు, ఆ పిన్ కింద ఉన్న ఊళ్ళన్నీ వరసగా కిందకి దిగుతాయి. అందులోంచి ఊరు ఎంచుకోవాలి. మండలం, జిల్లా వాటంతట అవే పడతాయి. ఇంటి నంబరూ, కొండగుర్తూ మాత్రం మనం కొట్టాలి. లేబుల్ తెలుగులో వస్తుంది. ఈ పద్ధతి వచ్చాక తిరిగొచ్చే పార్సిళ్ళు బాగా తగ్గాయి. అడ్రసులు రాసుకునే పని నాకిచ్చారు. డెల్టాలో చాలా ఊళ్ళు సైకిలు మీద తిరిగినవాణ్ణి, అడ్రసు పోగొట్టుకుని మనిషిని పోగొట్టుకున్నవాణ్ణి. ఆ పద్ధతిని చూసి నాకంత సంబరం ఎవరికీ లేదు. ఈ లిస్టు ఆనాడు ఉంటే అనుకునేవాణ్ణి.

ఆ సంబరంలో ఒక తప్పు చేశాను. లిస్టు వచ్చాక, ఏ కొత్తపేట అని అడగడం మానేశాను. లిస్టులో ఉంది కదా అనుకునేవాణ్ణి.

ఒకరోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒకావిడ ఫోన్ చేసింది. ఆమె కూతురికి తొమ్మిదేళ్ళు. చిన్నప్పటి నుంచీ సుగరు, ఇన్సులిన్ సూది మీదే బతుకుతోంది. రెండు రోజులుగా కరెంటు లేక ఇంట్లో ఉన్న మందు పాడైపోయిందట. పిల్లకి పొద్దుట్నుంచి వాంతులు, మత్తు. "ఇంట్లో మగాళ్ళు లేరండీ, ట్రాక్టరు మీద పనికి పోయారు. పిల్లని ఆస్పత్రికి తీసుకుపోయే దిక్కు లేదు. త్వరగా పంపించండి బాబాయ్ గారూ" అంది. కొత్తపేట, కాలవ గట్టు అంది. పిన్ చెప్పింది. కొట్టాను. లిస్టు దిగింది, అందులో కొత్తపేట ఉంది. దాని మీద నొక్కాను. కొండగుర్తు అడిగేలోపు ఫోన్ కట్టయింది. తిరిగి చేస్తే స్విచాఫ్.

కొండగుర్తు గడిలో కాలవ గట్టు అని మాత్రం కొట్టి, లేబుల్ తీశాను.

థర్మాకోల్ డబ్బాలో ఐసు ముక్కల మధ్య మందు పెట్టి, లేబుల్ అంటించబోతూ చూశాను. ఊరు కొత్తపేటే. కానీ పిన్ వేరే ఉంది, చివరి రెండంకెలూ మారాయి. కాలవ గట్టు ముందు ఇంకో మాట ఉంది. వంకర కొబరి చెట్టు ఇల్లు.

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. స్క్రీన్ మీద చూశాను. అక్కడ ఆవిడ చెప్పిన పిన్నే ఉంది. కొండగుర్తు గడిలో కాలవ గట్టు తప్ప ఇంకేమీ లేదు. మళ్ళీ తీశాను. అదే వచ్చింది. షకీలాని పిలిచాను. ఆ అమ్మాయి నన్ను లేపి, తనే కూర్చుని, మొత్తం చెరిపి కొత్తగా కొట్టింది. మూడో లేబుల్ కూడా అలాగే వచ్చింది. వేరే ఆర్డరు లేబుల్ తీస్తే సరిగ్గా వచ్చింది.

"ఇదెవరు కొట్టారు బాబాయ్? కొబ్బరికి వత్తేదీ? ఇన్నేళ్ళు నేర్పితే ఇదా?" అంది షకీలా.

"నేను కొట్టలేదమ్మా."

"మరి మిషను కొట్టిందా? దానికి కొబ్బరి చెట్లేం తెలుసు?"

డెలివరీ చేసే చలపతి గుమ్మంలో బండి స్టార్ట్ చేసి నిలబడ్డాడు. "ఏ పేటో ఒకటి చెప్పు పెద్దాయనా. ఐసు కరిగిపోద్ది. అవతల పిల్ల" అన్నాడు.

ఓనరు గారిని అడిగితే, కస్టమరు చెప్పిందే అడ్రసు, స్క్రీన్ మీద ఉన్న పిన్‌కే పొమ్మన్నారు. ఆయన చెప్పింది న్యాయమే. నేనైనా అదే చెబుతాను. రెండు ఊళ్ళకీ మధ్య చాలా దూరం, ఒక చోట తప్పితే రెండో చోటికి వెళ్ళేసరికి సాయంత్రం అవుతుంది. అంతసేపు ఆ పిల్ల ప్రాణం ఆగదు. అది నాకన్నా ఎవరికి బాగా తెలుసు?

నేనూ చలపతి వెనక ఎక్కాను. డబ్బా నా ఒళ్ళో ఉంది. దారంతా స్క్రీన్ మీద పిన్నే తలుచుకున్నాను. కంకిపాడు దాటాక రోడ్డు చీలే చోట చలపతి బండి ఆపి, ఎటు అన్నాడు. కొత్తగా చేరిన ప్రతివాడికీ నేను చెప్పే మాట ఒకటుంది. నీకేం తెలుసన్నది కాదు, లేబుల్ మీద ఉన్నదే అడ్రసు. అదే నా నోటికి వచ్చింది. "లేబుల్ మీద ఉన్న చోటికి పోనీ" అన్నాను. నమ్మి అన్నానని చెప్పను. భయపడి అన్నాను.

నా పాత ఇంటి ముందు బండి ఆగింది. వంకర కొబ్బరి చెట్టు లేదు. అది ఎప్పుడో గాలివానకి పడిపోయింది, మొదలు కూడా తవ్వేశారు. గుమ్మంలో ఒకావిడ కూర్చుని, ఒళ్ళో పిల్లని పెట్టుకుని విసురుతోంది. చలపతి మెళ్ళో మా కొట్టు బ్యాగు చూసి అతని కాళ్ళ మీద పడబోయింది.

తల్లే సూది వేసింది. వెంటనే తల్లినీ పిల్లనీ బండి మీద కూర్చోబెట్టుకుని చలపతి కంకిపాడులో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నేను ఆ ఇంట్లో ఒక్కణ్ణే ఉండిపోయాను.

గోడకి నీలం రంగు వేసి ఉంది. మేకు మాత్రం అక్కడే ఉంది. దానికి ఆ పిల్ల గౌను తగిలించి ఉంది. రాత ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది, అంతే. ఏమీ కనపడలేదు, ఏమీ వినపడలేదు. కాలవలో ఎవరో గేదెల్ని కడుగుతున్నారు. సాయంత్రందాకా గుమ్మంలో కూర్చున్నాను.

చీకటి పడకముందే తల్లి ఏదో తీసుకుపోవడానికి వచ్చింది. పిల్ల కళ్ళు తెరిచిందట. ఇంకాస్త ఆలస్యమైతే అని డాక్టరు ఏదో అన్నాడట. ఆ మాట నాకు కొత్త కాదు.

"ఇల్లెట్లా కనుక్కున్నారండీ? మేమొచ్చి నెల కూడా కాలేదు. పిన్ నాకు తెలీక ఫోన్లో కొత్తపేట అని కొట్టి చూసి చెప్పా" అంది. ఫోన్ ఆవిడకి చూపించింది ఇంకో కొత్తపేట పిన్. ఆ పిన్ ప్రకారం వెళ్ళి ఉంటే బండి ఎక్కడికి వెళ్ళేదో నాకు తెలుసు. ఒకసారి వెళ్ళింది.

గోడ మీద ఏమైనా రాసి ఉండేదా అని అడిగాను. మేం వచ్చేసరికే నీలం రంగు ఉంది బాబాయ్ గారూ, అంది. కొబ్బరి చెట్టు సంగతి అసలు తెలియదు.

ఆ మర్నాడు షకీలా చేత కంప్యూటరంతా వెతికించాను, ఎందుకో చెప్పకుండానే. నా పాత అడ్రసు అందులో ఎక్కడా లేదు. పనిలో చేరినప్పుడు నేను ఇచ్చింది గుణదల గది అడ్రసే. కొబరి అన్న మాట ఇన్నేళ్ళ ఆర్డర్లలో ఒక్కచోట కూడా లేదు. ఆ పిన్ కొట్టి మళ్ళీ లేబుల్ తీసి చూశాం, ఏం కొట్టామో అదే వచ్చింది. మిషను బాగుచేసే అతను వచ్చి చూసి, ఏ లోపమూ లేదని రాసిచ్చి వెళ్ళాడు.

ఆ మూడు లేబుళ్ళలో ఒకటి డబ్బా మీద పోయింది. ఒకటి షకీలా చించేసింది. మిగిలింది నా దగ్గర ఉంది. అది వేడికి అచ్చయ్యే కాగితం, నిలవదు. ఆరునెలలకే వెలిసిపోవడం మొదలైంది. పెన్నుతో దిద్దుకో బాబాయ్ అంది షకీలా. దిద్దలేదు. నేను దిద్దితే అది నా రాత అయిపోతుంది. ఇప్పుడది తెల్ల కాగితం. సాక్ష్యం కావాలంటే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. షకీలా చదివింది, చలపతి చదివాడు. అడగండి.

ఎలా జరిగిందని నన్ను అడిగితే ఈరోజుకీ తెలియదనే చెబుతాను. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఆ పిల్ల బడికి పోతోంది, నెలనెలా మందు నేనే పంపుతున్నాను. కొత్తపేట అని ఎవరు చెప్పినా మళ్ళీ అడుగుతున్నాను, ఏ కొత్తపేటమ్మా, ఏ కాలవమ్మా అని. లిస్టు ఉండగా ఈ చాదస్తం ఏమిటని ఓనరు గారు విసుక్కుంటారు.

తెలిసింది ఒక్కటే. నాంచారమ్మ వేలు పెట్టి చూపించిన రోజు నేను తువ్వాలు అందించాను. రెండోసారి మాత్రం చదివాను.