పంటు మీద కిటికీ సీటు

మొన్న ఆదివారం మా అబ్బాయి నరసాపురం రేవులో కారును గోదావరి దాటించే పంటు ఎక్కించాడు. బురదా డీజిలూ కలిసిన వాసన తగలగానే నాకు మళ్లీ ఎనిమిదేళ్లు వచ్చేశాయి. మీకూ గుర్తుండాలి: అద్దె కారు, అడ్డాకులో పులిహోర, కిటికీ సీటు కోసం కొట్లాట.

ఆ రోజు కిటికీ సీటు నాది. "జామకాయలు పట్రా, పంటు కదలనివ్వన్లే" అన్నాడు అన్నయ్య. కాయలతో తిరిగొచ్చేసరికి పంటు గోదావరి మధ్యలో ఉంది. నా కిటికీలోంచి వాడు చెయ్యి ఊపుతున్నాడు.

"నువ్వు పంటు ముందువైపు నిలబడ్డావని చెప్పాడురా" అంది అమ్మ, తర్వాత.

మొన్న మనవరాలు, "దిగు తాతయ్యా, గాలి బావుంది" అంది. నేను కారు దిగలేదు.

అన్నయ్యా, ఇది నువ్వూ చదువుతావు. లైకు కొట్టి తప్పించుకోకు. ఆ రోజు అమ్మతో ఏం చెప్పావో కింద రాయి.